స్లాబు పడకముందే గాలికి దారి చూపండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. మీ పత్రిక ఆదివారం స్థిరాస్తి పేజీల్లో ‘హరిత గృహం’ అనే మాట ఈ మధ్య తరచుగా కనిపిస్తోంది. ఆ ప్రకటనల బొమ్మల్లో డాబా మీద సోలార్ పలకలు, గేటు పక్కన పచ్చిక, ముందు గోడ నిండా నీలి అద్దాలు ఉంటాయి గానీ, పడకగదికి కిటికీ ఏ దిక్కున పెట్టారో, వంటింటి పొగ ఎటు పోతుందో, మే నెల మధ్యాహ్నం మూడింటికి పై అంతస్తు స్లాబు కింద మనిషి కూర్చోగలడో లేదో వాటిలో ఒక్క అక్షరం ఉండదు. పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్లకు పైగా సివిల్ విద్యార్థులకు పాఠాలు చెప్పి హనుమకొండలో స్థిరపడినవాడిగా ఈ విషయం మీద కొంత వివరంగా రాయాలనిపించింది. ఇప్పుడే రాయడానికి కారణం ఉంది. ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల పల్లెల్లో ఇందిరమ్మ ఇళ్లకు ముగ్గులు పోసి, బేస్‌మెంట్లు కట్టి, గోడలు లేపుతున్నారు. 400 చదరపు అడుగులకు తగ్గకుండా, 600కు మించకుండా కట్టుకోవలసిన ఆ చిన్న ఇంటికి ఐదు లక్షల రూపాయల ప్రభుత్వ సాయం నాలుగు విడతల్లో అందుతుంది. ఒక్కసారి స్లాబు పడిందంటే ఆ కుటుంబం రాబోయే నలభై యాభై ఏళ్లు ఎంత వేడిలో నిద్రపోవాలో, ఎలాంటి గాలి పీల్చాలో చాలావరకు తేలిపోయినట్టే.

హరిత భవనం అనే ఆలోచన మన రాష్ట్రానికి కొత్త కాదు. భారత హరిత భవన మండలి 2001లో హైదరాబాద్ కేంద్రంగానే ఏర్పడింది. అక్కడి సీఐఐ (భారత పరిశ్రమల సమాఖ్య) సోహ్రాబ్జీ గోద్రెజ్ హరిత వాణిజ్య కేంద్రం, హరిత భవనాలకు మార్కులు వేసే ‘లీడ్’ అనే అమెరికా పద్ధతిలో అత్యున్నతమైన ప్లాటినం గుర్తింపును అమెరికా వెలుపల మొట్టమొదట పొందిన భవనం. 2004లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు దానిని ప్రారంభించారు. ఆ భవనంలో నడుమ వాకిలి, ఎండను చీలికలు చేసి లోపలికి పంపే జాలీ గోడలు, పైకప్పు మీద తోట, బయటి గాలిని చల్లబరిచి గదుల్లోకి దించే గాలి బురుజులు ఉన్నాయి. అలాంటి భవనాలకు మార్కులు వేసేటప్పుడు స్థలం, నీరు, విద్యుత్తు, సామగ్రి అనే అంశాలతో పాటు లోపలి వాతావరణం ఎంత ఆరోగ్యకరంగా ఉందనే దానికి వేరుగా మార్కులు ఉంటాయి. ప్రకటనల్లో మాయమయ్యేది సరిగ్గా ఈ చివరి అంశమే. విద్యుత్తు బిల్లు తగ్గితే లెక్క కనిపిస్తుంది, పిల్లవాడి దగ్గు తగ్గితే ఏ బిల్లులోనూ కనిపించదు కాబట్టి కావచ్చు.

ముందు వేడి సంగతి చూద్దాం. వరంగల్ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల మే రెండో వారం నుంచి జులై చివరి దాకా మన మధ్యాహ్న సూర్యుడు నడినెత్తిన, ఇంకా చెప్పాలంటే నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. ఎండ దెబ్బను అన్నిటికంటే ఎక్కువగా తినేది గోడలు కాదు, ఇంటి కప్పు. ఐదంగుళాల కాంక్రీటు స్లాబు పొద్దంతా ఆ వేడిని తాగి, సాయంత్రం నుంచి తెల్లవారుజాము దాకా మెల్లగా లోపలికి వదులుతుంది. రామగుండం, మంథని ప్రాంతాల్లో రాత్రి పదకొండు దాటినా జనం డాబాల మీదికి, వాకిళ్లలోకి మంచాలు ఈడ్చుకోవడానికి కారణం ఇదే. దక్షిణపు కిటికీకి రెండడుగుల సజ్జ ఉంటే మధ్యాహ్నపు ఎండ చాలా నెలలు లోపలికి రాదు. పడమటి కిటికీకి సజ్జ ఎంత ముందుకు లాగినా లాభం తక్కువ, ఎందుకంటే సాయంత్రపు ఎండ వాలుగా, సూటిగా కిటికీలోకే వస్తుంది. అక్కడ చెట్టు గానీ, నిలువు జాలీ గానీ, వెదురు తడక గానీ ఉండాలి. హనుమకొండ ప్రధాన రహదారి మీద పడమటి ముఖంగా నిలువెల్లా అద్దాలు బిగించిన దుకాణ భవనాలను చూసినప్పుడల్లా, లోపల పొద్దంతా ఏసీలు ఆ అద్దాలతోనే యుద్ధం చేస్తున్నాయి కదా అనిపిస్తుంది.

మన పాత గూనపెంకుటిల్లు ఈ వేడికి వేరే విధంగా బదులు చెప్పింది. మూరెడు మందం మట్టిగోడ పగటి వేడిని లోపలికి చేరనిచ్చేది కాదు, పెంకుల సందుల్లోంచి వేడిగాలి పైకి పోయేది. అయితే ఆ ఇల్లే స్వర్గమని నేను అనను. మా అమ్మమ్మ గారి ఇంట్లో అర్రలు పట్టపగలు కూడా చీకటిగా ఉండేవి, వంటింటి దూలాలు మసితో నల్లబడి ఉండేవి, ఆ పొగలో వండిన ఆమె చివరి పదేళ్లు ఆయాసంతోనే గడిపింది. ఆ ఇంటి నుంచి మనం తీసుకోవలసినది గోడ మందం, నీడ, గాలి పారే తీరు. పొగను, చీకటిని కాదు.

కప్పు వేడికి అతి చవకైన మందు తెల్లదనం. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించి, ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు, 600 గజాలు, అంతకుమించిన స్థలాల్లోని ఇళ్లకు దానిని తప్పనిసరి చేసింది. అంతకన్నా చిన్న స్థలాల వారికి ఐచ్ఛికమని వదిలింది. పేదవాడి మీద భారం వేయకూడదన్న ఉద్దేశం మంచిదే, కానీ వేడి దెబ్బ ఎక్కువగా తినేది ఆ చిన్న ఇళ్లలోని వారే. 2017లో హైదరాబాద్‌లో పేదల ఇళ్ల కప్పుల మీద తెల్లని పొర పరిచి పరీక్షించినప్పుడు లోపలి వేడి సగటున రెండు డిగ్రీలు తగ్గినట్టు తేలింది. అంత ఖర్చు పెట్టలేనివారు డాబాను శుభ్రంగా కడిగి, సున్నంలో కొంత జిగురు కలిపి రెండు పూతలు వేసుకున్నా మేలే. వానలకు ఆ పూత కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా శివరాత్రి వెళ్లాక మళ్లీ వేయాలి. రేకుల ఇళ్ల వారికి ఇంకొక జాగ్రత్త చెప్పాలి. చాలా సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ అనే ఖనిజం ఉంటుంది, దాని నార ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమవుతుంది. రేకు కదలకుండా ఉన్నంతకాలం ప్రమాదం తక్కువ. రంపంతో కోసినా, రంధ్రాలు పొడిచినా, పగలగొట్టినా ఆ దుమ్ము గాలిలో కలుస్తుంది. కోయక తప్పని పరిస్థితిలో నీళ్లతో తడిపి, ముక్కుకు మంచి మాస్కు కట్టుకుని, పిల్లలను దూరంగా ఉంచి కోయాలి.

గోడల గురించి మాట్లాడితే మన జిల్లాల వారికి రామప్ప గుర్తుకు రాకుండా ఉండదు. 1213 నాటి ఆ గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీటి మీద తేలేంత తేలికైనవి. కాకతీయుల శిల్పులు బరువు తగ్గించడానికే వాటిని వాడారు గానీ, ఆ ఇటుకలో దాగిన సూత్రం ఈనాటి గోడకు వేడి విషయంలో పనికివస్తుంది: సన్నని రంధ్రాల్లో చిక్కుకుని కదలని గాలి వేడిని సులువుగా దాటనివ్వదు. కాంక్రీటు ఘనపు మీటరుకు 2400 కిలోల దరిదాపు తూగితే, ఇప్పుడు దొరికే, గాలి బుడగలు నింపిన తేలిక కాంక్రీటుతో చేసే ఏఏసీ దిమ్మె 600 కిలోల దరిదాపే ఉంటుంది, మిగిలినదంతా గాలే. రామగుండం, చెల్పూరు విద్యుత్ కేంద్రాల బూడిదతో చేసే ఇటుక వేరే మేలు చేస్తుంది. అది చెరువు మట్టిని, పొలం పైమట్టిని కాపాడుతుంది, బట్టీ పొగను తప్పిస్తుంది, బూడిద గుట్టలను తగ్గిస్తుంది. కానీ గోడను చల్లగా ఉంచడంలో అది ఎర్ర ఇటుకకు మరీ మిన్న కాదు. ఈ రెండు మేళ్లనూ కలిపేసి చెప్పడం వల్ల జనం మోసపోతున్నారు. వాస్తుశిల్పి లారీ బేకర్ కేరళలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో ఇటుకలను అంచు మీద నిలబెట్టి నడుమ ఖాళీ వదిలి కడితే నాలుగో వంతు ఇటుక మిగులుతుంది, గోడలోనే గాలిపొర ఏర్పడుతుంది. మన మేస్త్రీలకు ఒక్క వారం నేర్పితే చాలు, చేయగలరు.

ఇక అసలు విషయం గాలి. ఇల్లు కట్టుకునేవారిలో ఎక్కువమంది తలుపు ఏ దిక్కున ఉండాలని పంతులు గారిని అడుగుతారు గానీ, లోపలికి వచ్చిన గాలి ఎటు నుంచి బయటికి పోవాలని మేస్త్రిని అడగరు. గదికి ఒకవైపే కిటికీ ఉంటే, అది ఎంత పెద్దదైనా గాలి గుమ్మం దగ్గరే ఆగిన చుట్టంలా లోపలికి రాదు. ఎదుటి గోడలో గానీ పక్క గోడలో గానీ రెండో దారి ఉండాలి. జాతీయ భవన నిర్మాణ నియమావళి, పొడి వేడి ప్రాంతాల్లో గది నేల వైశాల్యంలో పదో వంతు, తేమతో కూడిన వేడి ప్రాంతాల్లో ఆరో వంతు కిటికీ ఉండాలని చెబుతూ వచ్చింది. పదడుగుల చదరపు గదికి మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు కిటికీ పెడితే పదో వంతు దాటినట్టే కనిపిస్తుంది. అయితే ఇప్పుడు అందరూ బిగించే రెండు పట్టాల స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది కాబట్టి గాలికి దొరికేది ఆరు చదరపు అడుగులే. పాత రెక్కల కిటికీ పూర్తిగా తెరుచుకునేది. కొలతల కాగితం మీద ఈ తేడా ఎవరూ రాయరు. ఇంకొకటి, లెంటల్ పైన పెట్టే వెంటిలేటర్. పైకెక్కిన వేడిగాలి బయటికి పోయే ఆ చిన్న దారిని ఫాల్స్ సీలింగ్ కోసం, ఏసీ కోసం మూసేస్తున్నారు.

స్ప్లిట్ ఏసీ బయటి నుంచి తాజా గాలిని తెస్తుందని నమ్మేవారిని నేను చాలామందిని చూశాను. అది గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, కొత్త గాలిని ఒక్క గుక్కెడు కూడా తేదు. బయటి గాలిలో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పది లక్షల పాళ్లలో 420కి పైగా ఉంటుంది. మూసిన ఏసీ గదిలో ముగ్గురు పడుకుంటే తెల్లవారేసరికి అది 2000 దాటడం సాధారణం. మ్యూనిక్ నగరపు శాస్త్రవేత్త మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ 1858లోనే గది గాలిలో ఆ వాయువు 1000 పాళ్లు దాటకూడదని సూచించాడు. ఆ వాయువే విషమని కాదు, మనుషుల ఊపిరి గదిలో ఎంత మిగిలిపోయిందో చెప్పే కొలబద్ద అని. తలనొప్పితో, బద్ధకంతో లేచే ఉదయాలకు కారణం చాలాసార్లు అక్కడే ఉంటుంది. విద్యుత్తు పొదుపు పేరుతో గాలిని బిగించేయడం వల్ల ఏమవుతుందో ప్రపంచం ఒకసారి చూసింది. 1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికా భవనాల్లో మనిషికి నిమిషానికి 15 ఘనపుటడుగులు ఉండే బయటి గాలిని 5కు తగ్గించారు. కొద్ది ఏళ్లలోనే ఉద్యోగులు కళ్ల మంటలు, గొంతు గరగర, అలసట అంటూ ఫిర్యాదు చేయడం మొదలైంది, భవనానికే జబ్బు చేసిందన్న మాట పుట్టింది. 1989లో ఆ ప్రమాణాన్ని మళ్లీ కనీసం 15కు పెంచక తప్పలేదు.

ఇంటి లోపలి సామగ్రి విషయంలో నా ఇంట్లోనే జరిగిన దానిని చెప్పాలి. ఆరేళ్ల క్రితం మా పడకగదికి ఫాల్స్ సీలింగ్ వేయించి, గోడ పొడవునా ప్లైవుడ్ అల్మారాలు చేయించాము. పని ఏప్రిల్‌లో ముగిసింది. వారం తిరగకముందే నా భార్యకు కళ్లు మండటం, రాత్రిళ్లు ఆగని పొడిదగ్గు మొదలయ్యాయి. అలర్జీ మందులు రెండు నెలలు వాడాము. అల్మారా తలుపు తెరిచినప్పుడు ముక్కుకు తగిలే ఆ ఘాటు కొత్త చెక్క వాసన అనుకుంటూ వచ్చాము గానీ, అది చెక్కది కాదు, చెక్క పొరలను అతికించిన జిగురులోని ఫార్మాల్డిహైడ్ అనే వాయువుది. క్యాన్సర్ పరిశోధన అంతర్జాతీయ సంస్థ 2004లో దానిని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల వర్గంలో చేర్చింది. వేడి పెరిగేకొద్దీ అది ఎక్కువగా వెలువడుతుంది. మన ఎండాకాలంలో, తలుపులు మూసిన గదిలో పరిస్థితి ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. సరుకు అమ్మిన వారిని ఇది ఏ తరగతిదని అడిగితే ‘వాటర్‌ప్రూఫ్ సార్’ అన్న జవాబే వచ్చింది. ఈ-0, ఈ-1 అనే గుర్తులు తక్కువగా వెలువడే పలకలకు వేస్తారని పాఠాల్లో చెప్పిన నేను నా ఇంటికి కొనేటప్పుడు ఆ గుర్తు చూడలేదు, ఆ బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు. ఆమెను ముందుగదిలోకి మార్చి, ఆ గది కిటికీలు నెలల తరబడి తెరిచి ఉంచాక, అల్మారాల లోపలి వైపు, అంచులు కూడా మూసేలా పూత వేయించాక గానీ దగ్గు నిమ్మళించలేదు. రంగుల విషయంలోనూ ఇంతే. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90కి మించరాదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది, కానీ అంతకుముందు వేసిన పాత ఎనామెల్ రంగు ఇంకా ఎన్నో తలుపుల మీద ఉంది. దానిని పొడిగా గీకితే ఆ దుమ్ము నేల మీద పాకే పసివాళ్ల చేతులకంటుతుంది. తడిపి గీకాలి.

కిటికీ ఉన్నా తెరవరెందుకని అడిగితే మన దగ్గర మూడు జవాబులు వస్తాయి: దోమలు, కోతులు, దొంగలు. మూడూ నిజమైన బాధలే. కోతుల బెడదతో ములుగు, భూపాలపల్లి, జగిత్యాల పల్లెల్లో పట్టపగలు కూడా కిటికీలు బిగించి బతుకుతున్నారు. అందుచేత ఇనుప జాలీ, దాని లోపల దోమతెర ఉన్న కిటికీని నేను హరిత భవనపు మొదటి సామగ్రిగా లెక్కిస్తాను. సోలార్ పలక తర్వాతి మాట. కిటికీ మూసి దోమల బత్తి ముట్టించడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. ఒక బత్తి పూర్తిగా కాలితే వెలువడే సూక్ష్మ ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగలోని ధూళికి సమానమని 2003లో ప్రచురితమైన ఒక అధ్యయనం తేల్చింది. ఇంట్లో బీడీ కూడా ముట్టని తల్లి, తన పక్కలో పిల్లవాణ్ణి పడుకోబెట్టుకుని దాన్ని వెలిగిస్తోంది.

స్నానాల గదిలో గ్యాస్ గీజరు పెట్టినచోట ప్రమాదం ఇంకా త్వరగా వస్తుంది. గాలి చాలక మంట సరిగా మండనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. వాసన లేని ఆ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. చలికాలం తలుపు బిగించుకుని స్నానానికి వెళ్లినవారు స్పృహ తప్పి పడిపోవడానికి కారణం అదే. గీజరు గది బయట ఉండాలి, లోపల పైన ఒకటి, కింద ఒకటి మూయడానికి వీలులేని గాలి రంధ్రాలు ఉండాలి. వంటింట్లో పొయ్యి గట్టు పైన బయటికి తెరిచిన దారి, పొయ్యికి ఎదురుగా కిటికీ గ్యాస్ మంటకు కూడా అవసరమే.

చెమ్మ గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం మన ఊరిది కాదు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, మోరంచపల్లి మునిగింది, హనుమకొండ, వరంగల్ కాలనీల్లో నడుము లోతు నీళ్లు నిలిచాయి. నీళ్లు నాలుగు రోజుల్లో పోయినా గోడల్లోని చెమ్మ నెలల తరబడి ఉంది. ఆ చెమ్మ మీద పుట్టిన నల్లని బూజు, ఉబ్బసం ఉన్నవాళ్లను సంక్రాంతి దాకా వేధించింది. చాలా ఇళ్లలో ఆ బూజు మీదనే పుట్టీ పెట్టి, రంగు వేసి కప్పేశారు. ముందు గోడ ఆరాలి, దెబ్బతిన్న పూత గీకేయాలి, నీరు వచ్చే దారి మూయాలి, ఆ తర్వాతే రంగు. కొత్త ఇంటికైతే నేల మట్టం వీధి కంటే కనీసం రెండడుగులు పైకి లేపడం, బేస్‌మెంట్ మీద చెమ్మ ఎక్కకుండా పొర వేయడం మరిచిపోరాదు. డాబా మీది వాన నీటిని ఇంకుడు గుంతకు మళ్లించడం గోడను కూడా కాపాడుతుందని వేరే చెప్పనక్కర్లేదు.

ఇందిరమ్మ ఇళ్ల సాయం విడతల వారీగా ఇచ్చేముందు ఇంజినీరు వచ్చి ఫొటో తీసుకుని వెళ్తారు. గోడలు లేచిన దశలో ఆ ఫొటోతో పాటు మరి మూడు సంగతులు నమోదు చేయాలని గృహనిర్మాణ శాఖను కోరుతున్నాను: ప్రతి గదికీ ఎదురెదురుగానో పక్క గోడలోనో రెండో గాలిదారి ఉందా, వంటింటికి పైన పొగ దారి ఉందా, పడమటి కిటికీకి నీడ ఉందా. వీటికి పెద్ద ఖర్చు లేదు. గోడ కట్టేటప్పుడు ఇటుకలు వదిలితే సరిపోతుంది, స్లాబు పడ్డాక గోడ పగలగొట్టాలంటేనే డబ్బు. స్లాబు విడతతో పాటు కప్పు మీద తెల్లపూత ఖర్చును కూడా కలిపి ఇవ్వగలిగితే, చిన్న ఇళ్లకు ఐచ్ఛికంగా మిగిలిపోయిన కూల్ రూఫ్ వాళ్లకూ అందుతుంది. పట్టణాల్లో చిన్న స్థలాలకు యజమాని స్వయంగా ధ్రువీకరించి అనుమతి తీసుకునే పద్ధతి ఉంది కాబట్టి, ఆ ధ్రువీకరణ పత్రంలోనే కిటికీ ఎంత తెరుచుకుంటుందో రాసే గడి ఒకటి చేర్చమని నగరపాలక సంస్థను అడుగుతున్నాను.

మండల కేంద్రాల్లో ప్రభుత్వం నమూనా ఇందిరమ్మ ఇళ్లు కట్టించింది. వాటిలో ఒకదాని కప్పు మీద సగభాగానికి సున్నపు పూత వేసి, సగాన్ని అలాగే వదిలి, రెండు వైపులా స్లాబు కింద ఒక్కో ఉష్ణమాపకం తగిలించి, మార్చి నుంచి జూన్ దాకా రోజూ మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదింటికి కొలతలు తీసి గుమ్మం పక్కన పలక మీద రాయిస్తే బాగుంటుంది. ఇల్లు కట్టుకోబోయే ప్రతి కుటుంబం ఏదో ఒక పని మీద మండల కేంద్రానికి వస్తుంది. అధికారులు అనుమతిస్తే హనుమకొండ చుట్టుపక్కల ఏ మండలంలోనైనా ఆ ఉష్ణమాపకాలు నేనే తెచ్చి తగిలిస్తాను, రోజువారీ కొలతలు రాయడానికి నా పాత విద్యార్థులు ఇద్దరు ముందుకు వచ్చారు.

భవదీయుడు,
విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
హనుమకొండ